‘కోత నానొల్లను’ అంటున్న నాన్న

ప్రశ్న: డాక్టరుగారూ, మాది వజ్రపుకొత్తూరు మండలంలో ఒక పల్లె. పెళ్లయ్యాక నేను విజయనగరంలో ఉంటున్నాను. మా నాన్నకి 61 ఏళ్లు. కొబ్బరి, జీడి తోట ఉంది. 14 ఏళ్లుగా సుగరు. ఆరు నెలల నుంచి ఎదురుగాలిలో సైకిలు తొక్కినా, తోటలో బరువెత్తినా గుండె మధ్యలో పట్టేసినట్టు నొప్పి. ఆగి నిలబడితే రెండు మూడు నిమిషాల్లో పోతుంది. విశాఖలో ఒక ఆసుపత్రిలో యాంజియోగ్రాం చేశారు. ఎల్ఏడీలో (గుండె ముందు వైపు నాళంలో) 85 శాతం బ్లాకు, పక్క నాళంలో 75, కుడి నాళం పూర్తిగా మూసుకుపోయింది, అది పాతదన్నారు. లెఫ్ట్ మెయిన్ బాగుందన్నారు. ఎకోలో ఈఎఫ్ (గుండె పంపింగ్) 50, కిడ్నీల పరీక్ష క్రియాటినిన్ 1.6, మూడు నెలల సుగరు సగటు హెచ్‌బీఏ1సీ 8.9. నాన్న ఇంకా బల్ల మీద ఉండగానే ఒకాయన బయటికొచ్చి, "ఇప్పుడే స్టెంట్లు వేసేద్దాం, సంతకం పెట్టండి, ఎల్లుండి ఇంటికెళ్లిపోవచ్చు" అన్నారు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. సంతకం పెట్టలేదు. మావయ్య అందరి ముందూ తిట్టాడు. ఇంకో డాక్టరుగారు యాంజియోగ్రాం సీడీ చూసి బైపాస్ అన్నారు. బైపాస్ పాత వైద్యం, ఇప్పుడెవరు చేయించుకుంటున్నారు అంటాడు మావయ్య. నాన్నేమో "గుండె కోయించుకోడానికి నానొల్లను. తిత్లీ తుపానుకే పడనోణ్ణి, దీనికి పడిపోతానేటి" అంటున్నాడు. మా పెదనాన్న కిడ్నీ జబ్బుతోనే పోయాడు, అందుకని యాంజియోగ్రాంకి ఆ డై (రంగు మందు) ఎక్కించడమంటేనే మాకు భయం. నాన్న చుట్ట కూడా మానలేదు. ఏం చెయ్యాలి? ఆలస్యం చేసి తప్పు చేస్తున్నానా?

జవాబు: అమ్మా, మీ ఆఖరి ప్రశ్నకి ముందు జవాబు చెబుతాను. రాత్రుళ్లు మీకు నిద్ర పట్టనివ్వనిది అదేనని అర్థమవుతోంది. మీరు తప్పు చెయ్యలేదు. సంతకం పెట్టనందుకు మీ మావయ్యగారు తిట్టారు గానీ, నేనక్కడ ఉంటే శెభాష్ అనేవాణ్ణి.

గుండెపోటు వచ్చి, చెమటలు పట్టి, నొప్పి తగ్గని మనిషిని తెస్తే బల్ల మీదే స్టెంటు వెయ్యాలి. అక్కడ నిమిషాల లెక్క. సీడీ పట్టుకుని ఇద్దర్ని ముగ్గుర్ని అడిగొచ్చే తీరిక ఉండదు. మీ నాన్నగారిది ఆ కేసు కాదు. ఆరు నెలలుగా నొప్పి ఒకే తీరున ఉంది. పని చేస్తే వస్తోంది, ఆగితే పోతోంది. దీన్ని స్టేబుల్ ఆంజైనా అంటాం. ఇలాంటివాళ్ల మీదే 37 దేశాల్లో, మన దేశంతో కలిపి, 5,179 మందితో ఇస్కీమియా అనే పెద్ద పరిశోధన జరిగింది. 2020లో ఫలితాలు అచ్చయ్యాయి. ఒక జట్టుకి మందులు ఇస్తూనే వెంటనే యాంజియోగ్రాం చేసి, స్టెంటో బైపాసో కానిచ్చారు. రెండో జట్టుకి మందులే ఇచ్చి, వాటికి లొంగకపోతేనే అటు పంపారు. మూడేళ్ల పైచిలుకు చూశాక చావుల్లో గానీ గుండెపోట్లలో గానీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నొప్పితో బాధపడేవాళ్లకి మాత్రం మొదటి జట్టులో ఉపశమనం బాగా ఎక్కువ. లెఫ్ట్ మెయిన్ బ్లాకు ఉన్నవాళ్లనీ, గుండె పంపింగ్ బాగా పడిపోయినవాళ్లనీ అందులో చేర్చుకోలేదు. మీ నాన్నగారికి ఆ రెండూ లేవు. మందులు సరిగ్గా వేసుకుంటూ రెండు మూడు వారాలు ఆలోచించుకుంటే కొంపేం మునిగిపోదు. ఆ రోజు బల్ల పక్కన అంత తొందర దేనికో నాకు తెలియదు, ఊహించి రాయడం ఇష్టం లేదు.

ఇక స్టెంటా, బైపాసా?

మీది వజ్రపుకొత్తూరు కాబట్టి వంశధార ఎడమ కాలువ గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. గొట్టా బ్యారేజీ దగ్గర వదిలిన నీళ్లు శివారు భూములకి చేరడమంటే ఎంత గగనమో మీ నాన్నగారికి నాకంటే బాగా తెలుసు. గుండెకీ ఒక ఎడమ ప్రధాన కాలువ ఉంది. లెఫ్ట్ మెయిన్ అంటే అర్థం అదే. దాన్నుంచి రెండు పాయలు చీలతాయి, కుడివైపు కాలువ వేరే. యాంజియోప్లాస్టీ అంటే, పూడిక పేరుకున్న చోట లోపలినుంచే గట్లని ఎడంగా నొక్కి, మళ్లీ కూలకుండా చట్రం బిగించడం. ఆ చట్రమే స్టెంటు. ఆ ఒక్కచోటూ బాగుపడుతుంది. చిక్కేమిటంటే, ఏళ్ల తరబడి సుగరున్న మనిషి కాలువలో పూడిక ఒక్కచోట ఉండదు, పొడవునా ఉంటుంది. పైగా రేపు తెగే గట్టు ఈ రోజు ఇరుకుగా కనిపించే చోటే కానక్కర్లేదు. గుండెపోట్లన్నీ పెద్ద బ్లాకు దగ్గరే రావు. అంతగా మూసుకోని చోట మెత్తటి కొవ్వు పొర చిట్లి, దాని మీద రక్తం గడ్డకట్టి కూడా వస్తాయి. బైపాస్ చేసే సర్జన్ పూడిక జోలికే పోడు. దాన్నలా వదిలేసి, శివారుకి వేరే కాలువ తవ్వి నీళ్లు దింపుతాడు. ఎగువన రేపు ఇంకోచోట పూడినా దిగువ పొలం తడుస్తుంది.

ఇది పోలిక మాత్రమే కాదు, లెక్కల్లోనూ తేలింది. సుగరు ఉండి, ఒకటికి మించి నాళాల్లో బ్లాకులున్న 1,900 మందితో ఫ్రీడం అనే పరిశోధన చేశారు, 2012లో వచ్చింది. ఐదేళ్లకి స్టెంట్లు వేయించుకున్నవాళ్లలో నూటికి 16 మంది చనిపోతే, బైపాస్ చేయించుకున్నవాళ్లలో 11 మంది. గుండెపోట్లు అటు 14, ఇటు 6. పక్షవాతం దగ్గర మాత్రం బైపాస్ వెనకబడింది. స్టెంట్ల వైపు 2.4 శాతం, బైపాస్ వైపు 5.2. మీ నాన్నగారికి చెప్పేటప్పుడు ఈ అంకె కూడా చెప్పండి, దాచొద్దు. సింటాక్స్ అని ఇంకో పరిశోధన ఉంది. అందులో సుగరు ఉన్నా లేకపోయినా మూడు నాళాల జబ్బున్నవాళ్లని పదేళ్లు చూశారు. స్టెంట్ల వైపు 28 శాతం మంది, బైపాస్ వైపు 21 శాతం మంది పోయారు.

ఈ తేడా మొదటి ఏడాది, రెండో ఏడాది పెద్దగా కనబడదు. ఆ తర్వాత విడిపోతుంది. మొదట్లో చూస్తే స్టెంటే గొప్పగా ఉంటుంది: రెండో రోజు ఇంటికి, మూడో రోజు బజారుకి. బైపాస్ అయినవాడు అప్పటికింకా ఐసీయూలో మూలుగుతుంటాడు. మీ నాన్నగారికి ఈ లెక్క అర్థమవుతుందనే నా నమ్మకం. 2018 అక్టోబరులో తిత్లీ కూల్చేసిన చెట్ల చోట ఆయన మళ్లీ మొక్కలు వేసే ఉంటారు. కొబ్బరి కాపుకి ఎన్నేళ్లు కాచుకోవాలో తెలిసీ వేశారు కదా.

మావయ్యగారి ‘పాత వైద్యం’ మాటకి ఒక్క ముక్క. బైపాస్ ఈ రూపంలో అమెరికాలో ఫవలోరో అనే సర్జన్ చేతిలో మొదలైంది 1967లో. బెలూను యాంజియోప్లాస్టీ జూరిక్‌లో గ్రుంట్‌జిగ్ అనే డాక్టరు చేసింది 1977లో. పదేళ్ల తేడా. రెండూ అప్పట్నుంచీ మెరుగవుతూనే వచ్చాయి.

నా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా అన్నయ్యకీ మీ నాన్నగారిలాగే సుగరు, మూడు నాళాలు. ‘రెండు రోజుల్లో ఇంటికి’ అనే మాటకి ఇల్లంతా మెత్తబడిపోయింది. ఇంట్లో డాక్టర్ని నేనొక్కణ్ణే. నేనూ తలూపాను. సొంత అన్న ఛాతీ కోయించడమంటే నాకూ భయమేసింది, అంతకంటే వేరే కారణం లేదు. మూడు స్టెంట్లు వేశారు. మూడేళ్లలో మళ్లీ రెండు. ఆఖరికి బైపాసే చేయించాం, అప్పటికి ఆయన వయసూ పెరిగింది, కిడ్నీల పనీ మందగించింది. మొదటిసారే అయ్యుంటే సులువుగా తేలేది. మీకు నేను రాస్తున్న సలహాలో ఆ పశ్చాత్తాపం పాలు కూడా కొంత ఉంది, అది తీసేసి చదువుకోండి.

ఆ బైపాస్ అప్పుడే నేను పేషెంటు వైపు నుంచి చూశాను. మీ నాన్నగారి భయం కోత మీద కదా, అక్కడ ఏం జరుగుతుందో ఉన్నదున్నట్టు చెబుతాను. ఛాతీ మధ్య ఎముకని నిలువునా కోస్తారు, పని అయ్యాక స్టీలు తీగతో కుడతారు. ఆ తీగ లోపలే ఉండిపోతుంది. గుండెని కోసి తెరవరు. పని అంతా దాని పైన పాకే నాళాల మీదే. మన దేశంలో చాలామంది సర్జన్లు గుండె కొట్టుకుంటుండగానే ఈ పని చేస్తారు. మత్తు దిగాక నోట్లో గొట్టం ఉంటుంది, మాట్లాడ్డానికి ఉండదు. అది ముందే తెలియక చాలామంది బెదిరిపోతారు, కాబట్టి ముందే చెప్పండి. అన్నయ్యకి రెండో రోజు పొద్దున ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి ఒక చిన్న దిండు చేతిలో పెట్టింది. "తాతగారూ, దీన్ని గుండెకి గట్టిగా అదుముకుని దగ్గండి" అంది. దగ్గితే కుట్లు ఊడిపోతాయేమోనని ఆయన ఊపిరి కూడా బిగబట్టుకుని కూర్చున్నాడు. ఆ అమ్మాయి కదల్లేదు. మూడోసారికి దగ్గాడు, కళ్లలో నీళ్లు తిరిగాయి, కఫం బయటపడింది. నాలుగో రోజుకి వరండాలో నడిచాడు. ఆ దిండుని డిశ్చార్జి నాడు ఇంటికి తెచ్చుకున్నాడు, నెల్లాళ్లు దాన్ని వదలలేదు. ఆయన్ని ఛాతీ కంటే ఎక్కువ సతాయించింది కాలు. కొత్త కాలువగా వాడ్డానికి నరం తీసిన పిక్క సాయంత్రానికి వాచేది, మూడు నెలలు పట్టింది.

ఎముక అతకడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. అప్పటిదాకా బిందె ఎత్తకూడదు, సైకిలు తొక్కకూడదు, మోటారు సైకిలు వెనక కూర్చోవడం కూడా వద్దు. ముందుగా కుదుర్చుకుని చేసే బైపాస్‌లో మంచి చేతుల్లో ప్రాణాపాయం నూటికి ఒకటి, రెండు. నాలుగైదు రోజుల లోపు గుండె లయ తప్పడం మాత్రం మామూలే, నలుగురైదుగురిలో ఒకరికి వస్తుంది, మందులతో సర్దుకుంటుంది. ఐసీయూ బయట ఆ కబురు విని మీరు హడలిపోకూడదని రాస్తున్నాను.

కిడ్నీ. కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ మీ ఉద్దానం ప్రాంతపు మనిషికి ఈ మాట వినగానే గుండె జబ్బు వెనక్కి వెళ్లిపోతుంది, అందులో ఆశ్చర్యం లేదు. 61 ఏళ్ల మగమనిషికి క్రియాటినిన్ 1.6 అంటే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీల వడపోత వేగం) 48 చుట్టుపక్కల. కిడ్నీలు పని చేస్తున్నాయి గానీ, వాటి దగ్గర మిగులు లేదు. డై ప్రభావం సాధారణంగా రెండు మూడు రోజుల్లో బయటపడుతుంది కాబట్టి, యాంజియోగ్రాం తర్వాత క్రియాటినిన్ మళ్లీ చేయించకపోయి ఉంటే రేపే చేయించండి. మీరిచ్చిన 1.6 ముందుదా తర్వాతదా అన్నది ఉత్తరంలో లేదు. ఆ రోజు మూడు నాళాలకీ స్టెంట్లు వేసి ఉంటే, అందులో ఒకటి పూర్తిగా మూసుకున్నది కాబట్టి, డై చాలా ఎక్కువ పట్టేది. బైపాస్‌లో డై ఉండదు. అలాగని కిడ్నీలకి అది ఉచితమని కాదు. ఆపరేషన్లో బీపీ అటూ ఇటూ అయితే వాటి మీద ఒత్తిడి పడుతుంది. అందుకే యాంజియోగ్రాం అయిన మర్నాడే కాకుండా, క్రియాటినిన్ కుదుటపడ్డాక ఆపరేషన్ పెట్టించుకోవడం మంచిది. సుగరుకి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు మొదలుపెట్టాలో అడగండి.

ఇంకోటి, ఎవరూ చెప్పకపోవచ్చు. కొత్త కాలువ కోసం సర్జన్లు మూడు చోట్ల నుంచి నాళాలు తెస్తారు: ఛాతీ గోడ లోపలి ధమని, కాలి నరం, ముంజేతి ధమని. ఛాతీ ధమనిని ఎల్ఏడీకి కుడితే పదేళ్ల తర్వాత కూడా నూటికి తొంభై పైనే తెరుచుకుని ఉంటాయి. బైపాస్ బలమంతా ఆ ఒక్క కుట్టులోనే ఉంది. కాలి నరాలు పదేళ్లకి సగానికి సగం దెబ్బతింటాయి. ముంజేతి ధమని కాలి నరం కంటే మేలే, కానీ కిడ్నీ జబ్బు ముదిరే వీలున్న మనిషికి ఆ చెయ్యి డయాలసిస్ ఫిస్టులాకి (డయాలసిస్ కోసం చేతి నాళాల్ని కలిపే కుట్టుకి) కావాల్సి రావచ్చు. కాబట్టి "మాది ఉద్దానం, మా ఇంట్లో కిడ్నీ జబ్బుంది, చేతిని వదిలేయగలరా?" అని సర్జన్‌గారిని మీరే అడగండి. అలాగే మోకాళ్ల నొప్పికనో ఒళ్లు నొప్పులకనో ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది వేయించుకునే అలవాటుంటే ఈ రోజుతో బంద్. ఆ సూది కిడ్నీకీ చెడుపే, గుండెకీ చెడుపే.

ఇంత చెప్పాక కూడా, బైపాస్ వద్దనిపించే కారణాలు కొన్ని ఉంటాయి. సుగరున్నవాళ్ల నాళాలు చివర్న దారంలా సన్నబడి ఉంటే కొత్త కాలువని కలపడానికి చోటే దొరకదు. అది సీడీ చూసిన సర్జన్ మాత్రమే చెప్పగలరు. కార్డియాలజిస్టు ఒక్కరే చెప్పినా సరిపోదు, నేను ఉత్తరం చదివి చెప్పినా సరిపోదు. చుట్ట వల్ల ఊపిరితిత్తులు బాగా దెబ్బతిని ఉన్నా, మెడ నాళాల్లో బ్లాకులున్నా లెక్క మారుతుంది. అందుకని ఊపిరి పరీక్ష, మెడకి డాప్లర్ ముందే చేయిస్తారు. కార్డియాలజిస్టూ సర్జనూ ఇద్దరూ కలిసి ఒకే సీడీ చూసి మాట్లాడుకునే ఆసుపత్రి వెతుక్కోండి. సింటాక్స్ స్కోరు ఎంతని అడగండి. 22 లోపైతే సులువైన బ్లాకులు, 33 దాటితే చిక్కువి. కుడి నాళం పూర్తిగా మూసుకుంది కాబట్టి మీ నాన్నగారి స్కోరు తక్కువేం ఉండదు. స్టెంట్ల వైపే మొగ్గితే ఇంకో సంగతి: రక్తం పలచబరిచే మాత్రలు రెండు రకాలు కనీసం ఆరు నెలలు ఒక్కరోజు కూడా తప్పకూడదు. తోట పనిలో పడితే మందుల డబ్బా సంగతి మరిచిపోయే మనిషా కాదా అన్నది మీకే తెలియాలి.

ఆయన ససేమిరా అంటే? నిజం చెప్పాలంటే స్టెంటుకీ బైపాస్‌కీ మధ్య ఇక్కడ నాకు సందేహం లేదు, బైపాసే. కానీ బైపాస్‌కీ మందులకీ మధ్య తేడా అంత ఖాయంగా చెప్పలేను. ఇందాక చెప్పిన ఇస్కీమియాలో మొదటి జట్టువాళ్లకి ఎక్కువగా వేసింది స్టెంట్లే, అయినా చావుల్లో మందుల జట్టుతో తేడా రాలేదు. కాబట్టి కోత వద్దని పట్టుబట్టినంత మాత్రాన స్టెంటు వైపు పరుగెత్తక్కర్లేదు. ఆస్పిరిన్, పూర్తి మోతాదులో స్టాటిన్ (కొలెస్ట్రాల్ మందు), బీటా బ్లాకరు (గుండె వేగం తగ్గించే మందు), నొప్పికి నైట్రేటు సరిగ్గా పెట్టి నెల రోజులు చూడొచ్చు. చెడు కొలెస్ట్రాల్ 70 లోపుకి, కుదిరితే 55 లోపుకి దింపాలి. ఈ మందుల్లో చాలావాటికి ఆపరేషన్ అయినా సెలవు ఉండదు. హెచ్‌బీఏ1సీ 8.9తో ఛాతీ కోస్తే గాయం చీము పట్టే భయం ఎక్కువ కాబట్టి ఈ రెండు మూడు వారాలూ సుగరు దింపడానికి పనికొస్తాయి. చోడి (రాగి) అంబలి తాగితే సుగరు రాదని మనవైపు ఒక గట్టి నమ్మకం ఉంది. గ్లాసుల కొద్దీ తాగితే అదీ పిండిపదార్థమే.

చుట్ట ఈ రోజే మానాలి. ఆపరేషన్‌కి ముందు కనీసం నాలుగు వారాలు పొగ లేకపోతే ఊపిరితిత్తులు తేరుకుంటాయి, ఆ దిండు పట్టుకుని దగ్గే రోజు సుఖంగా గడుస్తుంది. ఇంట్లో నాన్నమ్మో ఎవరో అడ్డపొగ (చుట్ట వెలిగించిన కొన నోట్లో పెట్టుకుని) తాగుతూ పక్కన కూర్చుంటే ఆయన మానలేరు, వాళ్లని కూడా కలుపుకోండి.

డబ్బు సంగతి మీరు అడగలేదు, అయినా రాస్తాను. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మన శ్రీకాకుళం ఒకటి. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. కార్డు ఉంటే బైపాస్, స్టెంటు రెండూ దాని కిందికి వస్తాయి. కాబట్టి ఏది చౌక అన్న లెక్కతో తేల్చుకోకండి. ఆసుపత్రిలో ఈ పథకం పనులు చూసే ఉద్యోగిని ముందే కలవండి.

నొప్పి తీరు మారితే మాత్రం ఈ ఉత్తరమంతా పక్కన పెట్టేయాలి. కూర్చున్నా వస్తే, రాత్రి నిద్రలో లేపితే, ముందు కంటే తక్కువ పనికే వస్తే అది ఇక స్టేబుల్ కాదు. సార్బిట్రేట్ మాత్ర ఎలా వాడాలో మీ డాక్టరుగారిని ఇప్పుడే అడిగి, నాన్నగారి చొక్కా జేబులో ఉంచండి. నొప్పి రాగానే కూర్చుని నాలుక కింద పెట్టుకోవాలి, నిలబడి కాదు, కళ్లు తిరుగుతాయి. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చెయ్యడమే. కారు కోసం మావయ్యగారికి కాదు.

సర్జన్‌గారి దగ్గరికి నాన్నగారిని కూడా తీసుకెళ్లండి. మీరూ మావయ్యగారూ వెళ్లి తేల్చుకొచ్చి ఆయనకి చెప్పడం కాదు. ఆయన్నే అడగనివ్వండి. నా అనుభవంలో తోట ఉన్నవాళ్లు మొదట అడిగేది ప్రాణం గురించి కాదు, "మళ్లీ చెట్టెక్కొచ్చా బాబూ?" అని. మూడు నెలలు గడిస్తే తోట పనికి చాలామంది తిరిగి వెళతారు. చెట్టు సంగతంటారా, 61 ఏళ్లకి ఆపరేషన్ ఉన్నా లేకపోయినా మనిషిని పెట్టుకుని దింపించుకోమనే నేను చెబుతాను, ఆ మాటకి ఆయన నా మీద కోప్పడినా సరే.